నాలుగుకీ మూడుకీ మధ్య

బ్యూనస్ ఐరిస్‌లో జూన్ అంటే చలికాలం.
ఐదు దాటాక పొద్దు నిలవదు,
అప్పులవాణ్ణి చూసినట్టు గోడల వెనక్కి తప్పుకుంటుంది.

ప్రతి శుక్రవారం ఆ వేళకి
విల్యా క్రెస్పోలో ఓ పాత మేడ పైకెక్కి
మోటారు గదిలో చిన్న తాళంచెవి తిప్పుతాను.
ఇక రేపు చీకటి పడేదాకా
ఆ లిఫ్ట్ ఎవరి మాటా వినదు.
ప్రతి అంతస్తులో తనంత తానే ఆగుతుంది,
తలుపు తెరుస్తుంది, కాసేపు చూస్తుంది,
ఎవరూ రాకపోయినా నొచ్చుకోకుండా కదులుతుంది.

సబ్బాతు నాడు మీట నొక్కనివాళ్ళ కోసం ఈ ఏర్పాటు.
నేను నొక్కుతాను.
వారమంతా నొక్కితేనే నాకు కూలి.

మా నాన్న అచ్చుకూర్పరి, యూనియన్ మనిషి.
యోమ్ కిప్పూర్ ఉపవాసం నాడు పనిగట్టుకుని
కాఫీ హోటలు బయట బల్ల దగ్గర కూర్చుని
పందిమాంసం పెట్టిన రొట్టె తినేవాడు.
నలుగురూ చూడాలి కదా మరి.
పస్కా వారం వస్తే మాత్రం
ఇంట్లో పులిసిన రొట్టె తునక కనబడనిచ్చేవాడు కాదు.
ఎందుకు నాన్నా అంటే
"నోరుమూసుకుని తిను" అనేవాడు.
ఆ రెంటి మధ్యా ఎక్కడో నన్ను పెంచాడు.

నాయనమ్మ ఫోర్తూనా ఇజ్మీర్ నుంచి తెచ్చుకుంది
ఒక పాత స్పానిష్, ఒక ఇత్తడి రోలు.
మాట ఆమెతోనే పోయింది.
రోట్లో ఇప్పుడు నట్లూ బోల్టులూ వేసుకుంటున్నాను.

మొన్న శుక్రవారం
తాళం తిప్పి కిందికి దిగుతుంటే
ఏడో అంతస్తులో దోన్ రహమీమ్ ఎక్కాడు.
టోపీ, బూటు పాలిష్ వాసన, ప్రార్థనకి ఆలస్యం.
ఆరు. ఐదు. నాలుగు.
ఆ తర్వాత ఏ అంకే రాలేదు.
మాట మధ్యలో పేరు మరిచిపోయిన ముసలాయనలా
లిఫ్ట్ నిలిచిపోయింది.

భుజాన సంచి. సంచిలో స్క్రూడ్రైవర్, ఫోను.
అలారం మీట నా మోచేతికే తగులుతోంది.
తలుపు రెక్కల సందులోంచి
నాలుగో అంతస్తు నేల నా కళ్ళ ఎత్తున ఉంది,
ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్నాయి.

"నొక్కనా?" అన్నాను.

ఆయన సందులో వెలుతురు చూశాడు. బూడిదరంగు దాటిపోయింది.
"ప్రాణం మీదికొస్తే నేనే నొక్కేవాణ్ణి తల్లీ.
ఇది ఒట్టి ఆలస్యమే.
కాపలా సెల్సో అయితే
'లోపల చీకటిగా ఉందయ్యా' అని ఊరికే అనేవాణ్ణి,
అతనే గ్రహించేవాడు.
నిన్నెలా అడగను?
నువ్వూ మన పిల్లవే కదా."

మన, అన్నాడు.

ఆయన సినగాగులో పదిమంది కూడితేగాని ప్రార్థన మొదలవదు.
ఆ పదిమందిలో ఆడదాన్ని, నన్ను ఎన్నడూ లెక్కపెట్టరు.
నాన్న పదిమందిలోనూ నేను ఎక్కువకాలం నిలవలేదు.
అలాంటిది, ఒక పని నాకు చెప్పకపోవడంతోనే
ఈ మనిషి నన్ను లెక్కలో వేసుకున్నాడు.

ముందు కోపమే వచ్చింది.
నన్నడక్కుండా ఎవరో నా వేలిని
గుడ్డలో చుట్టి దాచేసినట్టు.
నొక్కుదామని చెయ్యెత్తాను కూడా.
ఎవరి కోసం?
ఆయనకి వద్దు. నాకు తొందర లేదు.
నాన్న కోసమంటే, ఆయన పోయి ఆరేళ్ళు.

సంచి కింద పెట్టి దానిమీదే కూర్చున్నాను.
దోన్ రహమీమ్ టోపీ తీసి, లిఫ్టుని
పాత స్పానిష్‌లో ఓ తిట్టు తిట్టాడు.
నవ్వాపుకోలేకపోయాను.
ఆ తిట్టు మా ఇంటిదే.

నలభై నిమిషాలు.
సెల్సో వచ్చి, పైనుంచి తొంగిచూసి
"మెకానిక్కు లోపలే ఉందే!" అని నోరు వెళ్ళబెట్టాడు.

ఇంతకీ మారావా అంటే, ఏమో.
మర్నాడు పొద్దున్నే కాఫీ యంత్రం నొక్కాను.
నొక్కేముందు వేలివంక ఒకసారి చూసుకున్నాను, అంతే.
రోలు చింతపండు పెట్టినంత మెరిసేలా తోమాను,
బోల్టులు డబ్బాలో పోశాను.
రోట్లో ఏం వేయాలో ఇంకా తెలియదు.

ఈ శుక్రవారం తాళం తిప్పాక
సంచి పైనే వదిలేసి మెట్లదారి పట్టాను.
ఏడు, ఆరు, ఐదు.
నాలుగు దగ్గర మోకాళ్ళు మొరాయించాయి.
పక్కనే లిఫ్ట్ వచ్చి ఆగింది,
తలుపు తెరిచింది, కాసేపు చూసింది.

ఎక్కాను,
చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని.